క్యాన్సర్ స్టేజీ తేల్చడానికి ఏ స్కాన్? నెల్లూరు, ఒంగోలు వైపు పేషెంట్లకు, వాళ్ల ఇంట్లోవాళ్లకు

బయాప్సీ రిపోర్టు చేతికొచ్చాక ఇంట్లో అందరూ మాట్లాడుకునే మొదటి విషయం స్టేజీ. ఒకటా, రెండా, నాలుగా అని. ఆ వెంటనే వినబడే మాట "ఒళ్లంతా స్కాన్ తీయించాలంట" అని. కావలిలో ఉన్నా, కనిగిరిలో ఉన్నా, మార్కాపురంలో ఉన్నా తెలిసినవాళ్లకు ఫోన్లు మొదలవుతాయి. ఒకరు పెట్‌ సీటీ తప్ప ఇంకేదీ పనికిరాదంటారు. ఇంకొకరు ఎంఆర్‌ఐలో రేడియేషన్ ఉండదు కాబట్టి అదే మేలంటారు. మరొకరు తమ బావమరిదికి బోన్ స్కాన్‌తోనే అంతా తేలిపోయిందంటారు. వీళ్లలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఎవరింట్లో వచ్చిన క్యాన్సర్‌కు ఏది సరిపోయిందో అది చెబుతున్నారు, అంతే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అన్ని క్యాన్సర్లకూ మొనగాడైన స్కాన్ అంటూ ఒకటి లేదు. ఎక్కువ ఖరీదు పెట్టి తీయించినంత మాత్రాన ఎక్కువ తెలుస్తుందనీ లేదు. మీకు వచ్చిన క్యాన్సర్ రకం ఏమిటి, ఇప్పటికే ఏం తెలుసు, ఇంకా ఏం తెలిస్తే వైద్యం మారుతుంది అన్న మూడు విషయాలు చూసి స్కాన్ ఎంచుకోవాలి. అందుకే స్కాన్ చీటీ చేతికిచ్చినప్పుడు మొహమాటపడకుండా డాక్టరు గారిని ఒక మాట అడగండి: "ఈ స్కాన్‌లో ఏం బయటపడితే మీరు చేయబోయే వైద్యం మారుతుందండీ?" మంచి డాక్టరు ఈ ప్రశ్నకు కోప్పడరు. "లివర్‌కు పాకి ఉంటే ముందు ఆపరేషన్ చేయను, కీమోతో మొదలుపెడతాను" లాంటి సూటి జవాబు వస్తే ఆ స్కాన్ అవసరమైనదే. "ఎందుకైనా మంచిది, ఒకసారి చూద్దాం" అంటే ఇంకొంచెం మాట్లాడాలి.

ఇంకో మాట. స్టేజీ అంటే మూడు సంగతులు కలిపి చెప్పే లెక్క. పుట్టినచోట గడ్డ ఎంత ఉంది, ఎంత లోతుకు దిగింది. చుట్టుపక్కల లింఫ్ గ్రంథులకు చేరిందా. దూరంగా ఉన్న అవయవాలకు పాకిందా. ఒళ్లంతా తీసే స్కాన్‌లు ముఖ్యంగా మూడోదానికి, కొంతవరకు రెండోదానికి జవాబు చెబుతాయి. మొదటిది తేల్చడానికి తరచుగా వేరే పరీక్ష కావాలి. మలద్వారం పైన ఉండే రెక్టమ్ క్యాన్సర్‌లో గడ్డ ఎంత లోతుకు వెళ్లిందో తేల్చేది కటి భాగపు ఎంఆర్‌ఐ. గర్భాశయ ముఖద్వారపు క్యాన్సర్‌లో పక్క కణజాలంలోకి వెళ్లిందా లేదా అన్నదీ ఎంఆర్‌ఐలోనే బాగా కనిపిస్తుంది. పెట్‌ సీటీ తీయించాక కూడా ఎంఆర్‌ఐ రాశారంటే డబ్బు గుంజుతున్నారని అనుకోనక్కర్లేదు. రెండూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు.

కాంట్రాస్ట్ సీటీ: చాలామందికి ఇదే చాలు

ఛాతీ, పొట్ట, కటి భాగం కలిపి రంగు మందు ఎక్కించి తీసే సీటీ. మందు రక్తనాళాల్లో పారుతున్నప్పుడు తీస్తారు కాబట్టి లివర్‌లో మచ్చ, ఊపిరితిత్తుల్లో చిన్న గింజ, ఉబ్బిన గ్రంథి స్పష్టంగా కనబడతాయి. స్కాన్ నిమిషాల్లో అయిపోతుంది. జిల్లా కేంద్రంలోనే దొరుకుతుంది, ఊళ్లు పట్టుకుని తిరగక్కర్లేదు. పెద్దపేగు క్యాన్సర్, కడుపు క్యాన్సర్, కిడ్నీ క్యాన్సర్ లాంటి వాటికి స్టేజీ మొదలయ్యేది దీంతోనే, చాలామందికి ముగిసేదీ దీంతోనే. లివర్‌లోనే పుట్టిన క్యాన్సర్‌కైతే మందు ఎక్కే దశలవారీగా మూడుసార్లు తీసే సీటీ గానీ ఎంఆర్‌ఐ గానీ ఇంకా ముఖ్యం. స్కాన్‌లో గుర్తులు స్పష్టంగా ఉంటే అక్కడ బయాప్సీ కూడా అక్కర్లేకపోవచ్చు.

దీని బలహీనత ఏమిటంటే, సీటీ ఆకారాన్నీ సైజునూ చూస్తుంది. గ్రంథి మామూలు సైజులోనే ఉండి లోపల క్యాన్సర్ కణాలు ఉంటే దీనికి తెలియదు. ఎముక మూలుగలో ఇప్పుడిప్పుడే మొదలైన మచ్చలనూ పట్టుకోలేకపోవచ్చు.

రంగు మందు ఎక్కించే ముందు, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ అనే రక్తపరీక్ష చూస్తారు. ఈ పరీక్షను మన వైపు ఇంకా జాగ్రత్తగా పట్టించుకోవాలి. ప్రకాశం పడమటి మండలాల్లో కిడ్నీ జబ్బుతో బాధపడేవాళ్లు తక్కువేం కాదు, చాలామందికి ఆ సంగతి రక్తపరీక్ష చేసేదాకా తెలియదు. క్రియాటినిన్ ఎక్కువ వస్తే భయపడి స్కాన్ మానుకోవద్దు. మందు లేకుండా తీసే మార్గాలూ, ఎంఆర్‌ఐ మార్గమూ ఉన్నాయి. కానీ ఆ రిపోర్టు దాచిపెట్టి మందు ఎక్కించుకోవడం మాత్రం ప్రమాదం. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ బిళ్ల వాడుతుంటే అదీ ముందే చెప్పాలి. గతంలో ఎప్పుడైనా స్కాన్ మందుకు దద్దుర్లు, ఆయాసం వచ్చి ఉంటే అదైతే తప్పనిసరిగా చెప్పాలి.

బోన్ స్కాన్, మన నీళ్లు

ఎముకలకు పాకిందా అని చూసే పాత, నమ్మకమైన పరీక్ష ఇది. టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థం కలిపిన మందును నరానికి ఎక్కిస్తారు. రెండు నుంచి నాలుగు గంటలు ఆగి, తల నుంచి కాళ్ల దాకా కెమెరా కింద తీస్తారు. ఆ పదార్థపు శక్తి ఆరు గంటలకు సగమైపోతుంది కాబట్టి శరీరంలో ఎక్కువ కాలం ఉండదు. పెట్‌ సీటీతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. రొమ్ము క్యాన్సర్ ముదిరినప్పుడు, ప్రోస్టేట్ క్యాన్సర్‌లో, సీటీతో కలిపి ఇది ఇప్పటికీ బాగా పనిచేస్తుంది.

ఇది క్యాన్సర్‌ను నేరుగా చూడదు. ఎముక కొత్తగా కట్టుకునే చోట్లను చూస్తుంది. పాత ఫ్రాక్చర్, అరిగిన మోకాలు, వెన్నులో అరుగుదల, అన్నీ నల్లగా మెరుస్తాయి. పైగా ఎముక మూలుగలో పుట్టే మల్టిపుల్ మైలోమా లాంటి క్యాన్సర్‌లో ఎముక కరిగిపోతుందే తప్ప కట్టుకోదు. కాబట్టి అక్కడ బోన్ స్కాన్ మామూలుగా వచ్చినా ఎముకల్లో జబ్బు ఉండొచ్చు. మైలోమాకు బోన్ స్కాన్ రాస్తే ఎందుకని అడగండి.

ఇక మన ప్రాంతానికి సంబంధించిన అసలు సంగతి. కనిగిరి, పొదిలి, దర్శి, మర్రిపూడి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సమస్య ఎన్నో ఏళ్లుగా ఉంది. నెల్లూరు జిల్లాలో ఉదయగిరి వైపు కూడా ఈ బాధ ఉంది. ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగినవాళ్ల ఎముకలు దట్టంగా, గట్టిగా తయారవుతాయి. నడుం వంగదు, మెడ తిరగదు. అలాంటి మనిషికి బోన్ స్కాన్ తీస్తే అస్థిపంజరం మొత్తం మందును పీల్చేసుకుని మెరుస్తుంది, కిడ్నీలు సరిగా కనబడవు. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలన్నిటికీ పాకినప్పుడు వచ్చే బొమ్మ కూడా దాదాపు ఇలాగే ఉంటుంది. ఎక్స్‌రేలోనూ, సీటీలోనూ రెండు జబ్బుల్లో ఎముకలు తెల్లగా చిక్కగా కనబడతాయి. చెన్నైలోనో, హైదరాబాద్‌లోనో కూర్చుని రిపోర్టు రాసే డాక్టరుకు ఈ పేషెంటు ఏ ఊరి నీళ్లు తాగి పెరిగాడో ఎవరు చెబుతారు? మీరే చెప్పాలి. "మాది ఫ్లోరైడ్ ఊరు, ఇంట్లో ఇంకొకరికి కూడా నడుం పట్టేసింది" అన్న ఒక్క మాట స్కాన్ చీటీ మీద రాయించండి.

ఈ రెంటినీ విడదీసే దారులు ఉన్నాయి. ఫ్లోరోసిస్‌లో చేతులు, కాళ్ల ఎముకలతో సహా అంతటా ఒకే తీరుగా ఉంటుంది. ముంజేతి రెండు ఎముకల మధ్య ఉండే పొర గట్టిపడి ఎక్స్‌రేలో ముళ్లలా కనిపిస్తుంది. వెన్నుపూసలను కలిపి ఉంచే పట్టీలు (లిగమెంట్లు) కూడా గట్టిపడతాయి. క్యాన్సర్ పాకితే ఎక్కువగా వెన్ను, కటి, పక్కటెముకల్లో ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువగా మచ్చలు మచ్చలుగా మొదలవుతుంది. ప్రోస్టేట్ జబ్బులో రక్తంలో పెరిగే పీఎస్‌ఏ ఎంత ఉందన్నది, ముంజేతి ఎక్స్‌రే, అవసరమైతే ఎంఆర్‌ఐ, వీటిని కలిపి చూసి నిర్ణయిస్తారు. అది ఫ్లోరోసిస్ అయి ఉండి క్యాన్సర్ ముదిరిందని రాస్తే, నయం కావాల్సిన మనిషికి నయం చేసే వైద్యమే అందదు. ఈ విభాగాన్ని ఇంత పొడుగ్గా రాయడానికి కారణం అదే.

పెట్‌ సీటీ: ఏం చూస్తుంది, ఎక్కడ పొరబడుతుంది

మామూలుగా పెట్‌ సీటీ అంటే ఎఫ్‌డీజీ పెట్‌ సీటీ. ఎఫ్‌డీజీ అంటే ఫ్లోరిన్-18 అనే రేడియోధార్మిక అణువు తగిలించిన గ్లూకోజు లాంటి పదార్థం. చురుగ్గా పెరిగే కణాలు గ్లూకోజును ఎక్కువగా లాక్కుంటాయి కాబట్టి ఆ చోట్లు వెలుగుతాయి. పక్కనే సీటీ కూడా తీసి రెండింటినీ ఒకదాని మీద ఒకటి వేస్తారు. గడ్డ ఎక్కడుందో సీటీ చెబుతుంది, అది ఎంత చురుగ్గా ఉందో పెట్ చెబుతుంది. ఈ రెండింటినీ ఒకే యంత్రంలో కలిపిన తొలి నమూనా 1998లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ యూనివర్సిటీలో పనిచేయడం మొదలుపెట్టింది. లింఫోమా, అంటే లింఫ్ గ్రంథుల్లో పుట్టే క్యాన్సర్ వైద్యం దీంతో చాలా మారింది. 2014లో వచ్చిన లుగానో వర్గీకరణ, ఎఫ్‌డీజీని పీల్చుకునే లింఫోమాలకు స్టేజీ తేల్చడానికీ, మందు పనిచేస్తోందా అని చూడటానికీ పెట్‌ సీటీనే ప్రామాణికం చేసింది. హాడ్‌కిన్స్ లింఫోమాలో పెట్‌ సీటీ తీస్తే, మామూలుగా ఎముక మూలుగ పరీక్ష కూడా అక్కర్లేకుండా పోయింది. సూది పోటు తప్పిందంటే పేషెంటుకు అది చిన్న విషయం కాదు.

లింఫోమాలో వైద్యం మొదలుపెట్టక ముందే మొదటి పెట్‌ సీటీ తీయించుకోవాలి. తర్వాత తీసేవాటిని పోల్చేది దాంతోనే. బయాప్సీ కాకముందే నొప్పికో, ఆయాసానికో స్టెరాయిడ్లు మొదలుపెడితే గడ్డ తాత్కాలికంగా కరిగి బొమ్మ మారిపోవచ్చు.

అన్ని క్యాన్సర్లూ ఎఫ్‌డీజీని లాక్కోవు. ప్రోస్టేట్ క్యాన్సర్‌లో ఎక్కువ భాగం, హార్మోన్లు తయారుచేసే రకం కణాల్లో పుట్టి నెమ్మదిగా పెరిగే న్యూరోఎండోక్రైన్ గడ్డలు, లివర్ క్యాన్సర్‌లో కొన్ని, కిడ్నీ క్యాన్సర్, జిగురు ఎక్కువగా ఉండే కడుపు క్యాన్సర్, రొమ్ములో పాల గ్రంథుల్లో పుట్టే లోబ్యులర్ రకం సరిగా వెలగకపోవచ్చు. అలాంటప్పుడు "పెట్‌లో ఏమీ లేదు" అన్న రిపోర్టు చూసి సంబరపడలేం. మెదడు ఎప్పుడూ గ్లూకోజు మీదే బతుకుతుంది కాబట్టి తలంతా వెలుగుతూనే ఉంటుంది. ఆ వెలుగులో మెదడుకు పాకిన చిన్న మచ్చలు దాక్కుంటాయి. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో పెట్‌ సీటీతో పాటు మెదడు ఎంఆర్‌ఐ విడిగా రాసేది అందుకే.

వెలిగిందల్లా క్యాన్సర్ కూడా కాదు. టీబీ గ్రంథులు చాలా గట్టిగా వెలుగుతాయి. మన దేశంలో ఛాతీ మధ్యలో వెలిగే గ్రంథి కనబడితే టీబీ గుర్తుకు రాకపోతే పొరపాటే. రాతి దుమ్ము పీల్చి వచ్చే సిలికోసిస్‌లో కూడా ఊపిరితిత్తుల్లో ముద్దలు, ఛాతీ గ్రంథులు వెలుగుతాయి. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో, పాలిషింగ్ యూనిట్లలో, మార్కాపురం పలకల పనిలో ఏళ్లు గడిపినవాళ్లు ఆ సంగతి తప్పకుండా చెప్పాలి. ఇప్పుడు ఏం పని చేస్తున్నారని మాత్రమే అడిగితే "ఖాళీగా ఉన్నానండీ" అని ఊరుకోవద్దు, పాతికేళ్ల కింద చేసిన పని కూడా చెప్పండి. ఇటీవల ఆపరేషన్ అయిన చోటు, బయాప్సీ తీసిన చోటు, వేసుకున్న టీకా వల్ల చంకలో ఉబ్బిన గ్రంథి, తెల్లకణాలు పెరగడానికి వేసే ఇంజెక్షన్ తర్వాత ఎముక మూలుగ, ఇవన్నీ వెలగొచ్చు. తేదీలతో సహా చెబితే రిపోర్టు రాసేవాళ్లకు పని తేలికవుతుంది.

రేడియేషన్ సంగతి. ఏ పరీక్షా చేయించుకోకుండా భూమి, గాలి, తిండి, ఆకాశం నుంచి మనిషికి ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్ట్‌లు అందుతాయి. ఒక పెట్‌ సీటీలో, సీటీని ఎంత మోతాదులో తీశారన్న దాన్నిబట్టి, దానికి కొన్ని రెట్లు అందుతుంది. క్యాన్సర్ ఉన్నట్టు తేలిన పెద్దవాళ్లకు, స్కాన్ అవసరమైతే, ఇది ఆగిపోవాల్సినంత విషయం కాదు. చిన్నపిల్లలకూ, మళ్లీ మళ్లీ తీయాల్సిన వాళ్లకూ మాత్రం ఆలోచించాలి.

డబ్బు మిగిల్చే మాట ఒకటి. చాలా సెంటర్లలో పెట్‌తో పాటు తీసే సీటీ తక్కువ మోతాదులో, రంగు మందు లేకుండా ఉంటుంది. ఆపరేషన్ చేసే సర్జన్‌కు అది చాలక మళ్లీ కాంట్రాస్ట్ సీటీ రాస్తారు. బుక్ చేసుకునే ముందే సర్జన్‌ను అడిగి, ఆ ఒక్క పూటలోనే మందు ఎక్కించి పూర్తి సీటీ కూడా తీస్తారా అని సెంటర్‌ను కనుక్కోండి. ఒక ప్రయాణం, ఒక బిల్లు తగ్గుతాయి.

ప్రోస్టేట్‌కు, న్యూరోఎండోక్రైన్‌కు వేరే పెట్

యంత్రం అదే, ఎక్కించే మందు వేరు. ప్రోస్టేట్ కణాల మీద ఉండే పీఎస్‌ఎంఏ అనే ప్రొటీన్‌ను వెతికి పట్టుకునే మందు పీఎస్‌ఎంఏ పెట్‌లో వాడతారు. ఆస్ట్రేలియాలో 302 మంది మీద చేసి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, ముప్పు ఎక్కువగా ఉన్న ప్రోస్టేట్ క్యాన్సర్‌లో పీఎస్‌ఎంఏ పెట్‌ సీటీ 92 శాతం కచ్చితంగా చెప్పింది, సీటీ, బోన్ స్కాన్ కలిపి చూస్తే 65 శాతమే. కాబట్టి ప్రోస్టేట్‌కు పెట్‌ సీటీ రాస్తే, చీటీ మీద ఏ పెట్ అని రాశారో చదివి చూసుకోండి. ఊరికే "పెట్‌ సీటీ హోల్ బాడీ" అని ఉంటే ఫోన్ చేసి కనుక్కోవాలి. పొరపాటున ఎఫ్‌డీజీ ఎక్కిస్తే డబ్బూ పోతుంది, జవాబూ రాదు. ముప్పు తక్కువ అని తేలిన ప్రోస్టేట్ క్యాన్సర్‌కు అసలు ఒళ్లంతా స్కానే అక్కర్లేదు.

నెమ్మదిగా పెరిగే న్యూరోఎండోక్రైన్ గడ్డలకు గాలియం డోటాటేట్ పెట్ సరైనది. గాలియం-68 శక్తి 68 నిమిషాలకే సగమవుతుంది, అందుకే దాన్ని ఎక్కువగా సెంటర్‌లోనే జనరేటర్ అనే చిన్న పరికరం నుంచి అప్పటికప్పుడు తీస్తారు. ఆ సౌకర్యం అన్నిచోట్లా ఉండదు.

హోల్ బాడీ ఎంఆర్‌ఐ

రేడియేషన్ లేదు, రంగు మందు లేకుండానే తీయొచ్చు. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకు, గర్భిణులకు, పిల్లలకు ఇది పెద్ద వరం. ఎముక మూలుగను చూడటంలో దీనికి సాటి తక్కువ. మైలోమా అనుమానం ఉన్నవాళ్లకు మొదట ఇదే తీయడం గురించి ఆలోచించమని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2016లో సిఫారసు చేసింది. అదే దేశంలో పెద్దపేగు, ఊపిరితిత్తుల క్యాన్సర్‌ల మీద స్ట్రీమ్‌లైన్ అనే అధ్యయనాలు జరిగి 2019లో ఫలితాలు వచ్చాయి. దూరంగా పాకిన జబ్బును పట్టుకోవడంలో హోల్ బాడీ ఎంఆర్‌ఐ మామూలు పద్ధతికి తీసిపోలేదు, స్టేజీ తేలడానికి పట్టే రోజులూ తగ్గాయి.

మరి అందరికీ ఇదే ఎందుకు రాయరు? ముప్పావు గంట నుంచి గంట దాకా గొట్టంలో కదలకుండా పడుకోవాలి. నడుం నొప్పితో అల్లాడే మనిషికి అది నరకం. మూసుకుపోయినట్టు ఉంటే గాభరా పడేవాళ్లుంటారు. ఊపిరితిత్తుల్లో చిన్న గింజలను సీటీ చూసినంత బాగా ఇది చూడలేదు. అన్నిటికంటే ముఖ్యంగా, దీన్ని తీయడానికీ చదవడానికీ అలవాటైన చేతులు కావాలి. ఎంఆర్‌ఐ యంత్రం ఉన్న ప్రతి చోటా హోల్ బాడీ ఎంఆర్‌ఐ చేయరు. "డిఫ్యూజన్‌తో హోల్ బాడీ తీస్తారా, ఇంతకు ముందు క్యాన్సర్ పేషెంట్లకు తీశారా" అని ఫోన్‌లోనే అడగండి (డిఫ్యూజన్ అంటే కణాలు కిక్కిరిసిన చోట్లను చూపే ఎంఆర్‌ఐ పద్ధతి). సరిగా తీయని ఎంఆర్‌ఐ కంటే సరిగా తీసిన సీటీ వెయ్యి రెట్లు నయం.

పేస్‌మేకర్, చెవి లోపల పెట్టిన ఇంప్లాంట్, మెదడు రక్తనాళానికి వేసిన క్లిప్ ఉంటే ఆ కార్డు వెంట తీసుకెళ్లాలి. వెల్డింగ్, గ్రైండింగ్ పని చేసినవాళ్లకు ఎప్పుడో కంట్లో ఇనుప రజను పడి ఉండొచ్చు. అది చెప్పకుండా లోపలికి వెళ్తే కన్నుకే ప్రమాదం.

పెట్, ఎంఆర్‌ఐ రెండూ కలిసిన యంత్రాలు కూడా ఉన్నాయి. దేశంలో తక్కువ చోట్ల ఉన్నాయి, ఖర్చు ఎక్కువ. అది లేదని వైద్యం ఆపుకోవాల్సిన పని ఎవరికీ ఉండదు.

నన్నడిగితే

రొమ్ము క్యాన్సర్ మొదటి, రెండో దశలో ఉండి ఒంట్లో ఇంకే బాధా లేకపోతే పెట్‌ సీటీ వద్దు, బోన్ స్కానూ వద్దు. ఆ దశలో దూరంగా పాకి ఉండే అవకాశం చాలా తక్కువ. లేనిపోని మచ్చ ఒకటి కనబడి దాని వెంట పరిగెత్తడంలోనే ఆపరేషన్ ఆలస్యమవుతుంది. మూడో దశ అయితే, చంకలో గ్రంథులు ఎక్కువగా ఉంటే, ఎముకల నొప్పి ఉంటే అప్పుడు తీయించండి. పెట్‌ సీటీ భరించగలిగితే అదొక్కటే చాలు. లేకపోతే కాంట్రాస్ట్ సీటీ, బోన్ స్కాన్ కలిపితే ఏమీ తక్కువ చేసినట్టు కాదు.

ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ఆపరేషన్ గానీ, నయం చేసే రేడియేషన్ గానీ ఆలోచిస్తుంటే అప్పు చేసైనా పెట్‌ సీటీ తీయించమంటాను. పాకిందని తేలితే ఛాతీ కోసే ఆపరేషన్ తప్పుతుంది. లింఫోమాకూ ఇదే మాట. పెద్దపేగు క్యాన్సర్‌కు మొదట కాంట్రాస్ట్ సీటీ చాలు. లివర్‌లో ఉన్న మచ్చలను కోసి తీసే ఆలోచన ఉన్నప్పుడో, ఆపరేషన్ తర్వాత రక్తపరీక్షలో చూసే సీఈఏ అనే క్యాన్సర్ గుర్తు పెరుగుతున్నా సీటీలో కారణం దొరకనప్పుడో పెట్ పనికొస్తుంది. కడుపు క్యాన్సర్‌లో పొట్ట పొర మీద చల్లినట్టు ఉండే చిన్న చిన్న గింజలను ఏ స్కానూ సరిగా చూడలేదు. లాపరోస్కోపీతో, అంటే పొట్టకు చిన్న రంధ్రం పెట్టి కెమెరాతో లోపలికి చూడటమే దారి.

గర్భాశయ ముఖద్వారపు క్యాన్సర్‌లో 2018 నుంచి ఫిగో (స్త్రీల వైద్యుల అంతర్జాతీయ సమాఖ్య) స్టేజింగ్‌లో స్కాన్ ఫలితాలను కూడా కలిపారు. గ్రంథులకు చేరితే స్టేజీ, రేడియేషన్ ఇచ్చే మేర రెండూ మారతాయి. గడ్డ పెద్దదైతే పెట్‌ సీటీ మేలు, అందకపోతే కాంట్రాస్ట్ సీటీ. నోటి క్యాన్సర్ చిన్న పుండుగా ఉండగా మెడకు సీటీ లేదా ఎంఆర్‌ఐ, ఛాతీకి ఒక స్కాన్ సరిపోతాయి. మెడలో పెద్ద గడ్డలున్నా, మెడలో గడ్డ ఉండి అసలు పుట్టిన చోటు దొరక్కపోయినా పెట్‌ సీటీకి వెళ్లాలి. మామూలు రకం థైరాయిడ్ క్యాన్సర్‌కు మొదట్లో పెట్‌తో పనిలేదు, మెడ అల్ట్రాసౌండ్, అవసరమైతే అయోడిన్ స్కాన్ ఉన్నాయి. మైలోమాకు హోల్ బాడీ ఎంఆర్‌ఐ, పెట్‌ సీటీ, తక్కువ మోతాదు హోల్ బాడీ సీటీ, ఈ మూడింట్లో ఏది బాగా చేసే చోటు దగ్గరుంటే అది.

బయల్దేరే ముందు

ఫ్లోరిన్-18 శక్తి 110 నిమిషాలకు సగమైపోతుంది. అంటే సైక్లోట్రాన్ (ఈ రేడియోధార్మిక పదార్థాన్ని తయారుచేసే పెద్ద యంత్రం) దగ్గర తయారైన మందులో 3 గంటల 40 నిమిషాలకు పావు వంతే మిగులుతుంది. సైక్లోట్రాన్‌లు పెద్ద నగరాల్లో ఉంటాయి, అక్కడి నుంచి బండి మీద మందు వస్తుంది. బండి ఆలస్యమైతే, తయారీలో ఆ రోజు ఇబ్బంది వస్తే ఆనాటి స్కాన్‌లన్నీ వాయిదా పడతాయి. నెల్లూరు నుంచి చెన్నై సుమారు 175 కిలోమీటర్లు. అంత దూరం పరగడుపున పోయి వెనక్కి రావడం జబ్బు మనిషికి కష్టం. పొద్దున బయల్దేరే ముందు "ఈరోజు డోసు వస్తోందా" అని ఫోన్ చేయండి. వీలైతే ముందు రాత్రే వెళ్లి ఉండండి. ఒంగోలు వాళ్లకు గుంటూరు, విజయవాడ దగ్గర, నెల్లూరు వాళ్లకు తిరుపతి, చెన్నై దగ్గర. అయితే వైద్యం ఎక్కడ చేయించుకోబోతున్నారో ఆ వైపే స్కాన్ తీయించుకోవడం మంచిది. అక్కడి డాక్టరుకు ఏ సెంటర్ రిపోర్టు మీద నమ్మకం ఉందో ముందు అడగండి. ఒకచోట తీయించుకుని ఇంకోచోటికి వెళ్తే, మళ్లీ తీయమని అనే అవకాశం ఉంది.

డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ, అంటే జనం ఇంకా ఆరోగ్యశ్రీ అని పిలుచుకునే పథకం కింద వైద్యం చేయించుకునే ఆలోచన ఉంటే, చేతి డబ్బుతో స్కాన్ తీయించక ముందే ఆ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలవండి. మీ జబ్బు ప్యాకేజీలో ఏ పరీక్ష వస్తుంది, ఏది రాదు, అప్రూవల్‌కు ఏ రిపోర్టు కావాలి అన్నవి చెప్పగలిగింది ఆ మనిషే.

ఎఫ్‌డీజీ స్కాన్‌కు నాలుగు నుంచి ఆరు గంటలు ఏమీ తినకూడదు. మంచినీళ్లు మాత్రం బాగా తాగొచ్చు. కాఫీ, టీ, చక్కెర కలిపినవేవీ వద్దు, మెంతులో జీలకర్రో నమలడం కూడా వద్దు. షుగర్ 200 దాటితే మామూలుగా స్కాన్ వాయిదా వేస్తారు. షుగర్ ఉన్నవాళ్లు అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే బిళ్లలు, ఇన్సులిన్ ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు వేసుకోవాలో అడిగి రాసుకోండి. సొంతంగా ఇన్సులిన్ పొడుచుకుని వెంటనే స్కాన్‌కు వెళ్తే మందంతా కండరాల్లోకి పోయి బొమ్మ పాడవుతుంది. ముందు రోజు బరువు పనులు, ఎక్కువ నడక మానుకోవాలి. స్కాన్ గదిలో ఏసీ చలి ఉంటుంది. చలికి వణికితే మెడ దగ్గర ఉండే ఒక రకం కొవ్వు వెలుగుతుంది. ఎండాకాలమైనా ఒక దుప్పటి పట్టుకెళ్లండి. ఇంజెక్షన్ తర్వాత సుమారు గంటసేపు మాట్లాడకుండా, ఫోన్ చూడకుండా పడుకోమంటారు. తర్వాత స్కాన్ అరగంటలోపే అయిపోతుంది. ఆరోజు కొన్ని గంటలు గర్భిణులకు, చంటిపిల్లలకు దూరంగా ఉంటే చాలు. పాలిచ్చే తల్లి అయితే, గర్భం ఉండే అవకాశం ఉంటే మందు ఎక్కించక ముందే చెప్పాలి.

రిపోర్టు చేతికొచ్చాక

కాగితం, ఫిల్ములతో పాటు బొమ్మలున్న సీడీ గానీ, లింకు గానీ తప్పకుండా తీసుకోండి. ఇంకో డాక్టరుకు చూపించాలంటే ఆ బొమ్మలే కావాలి. ఫిల్ము మీద నాలుగు చిత్రాలుంటాయి, అసలు స్కాన్‌లో వందలుంటాయి.

పెట్‌ సీటీ రిపోర్టులో ఎస్‌యూవీ అని ఒక అంకె ఉంటుంది, ఆ చోటు మందును ఎంత పీల్చుకుందో చెప్పే లెక్క అది. ఎంత ఎక్కువైతే అంత ప్రమాదమని ఇంట్లోవాళ్లు నెట్‌లో వెతికి టెన్షన్ పడతారు. ఆ అంకె యంత్రాన్నిబట్టి, షుగర్‌నుబట్టి, ఎంతసేపు పడుకోబెట్టారన్న దాన్నిబట్టి మారుతుంది. టీబీ గ్రంథికి పది ఉండొచ్చు, క్యాన్సర్ గ్రంథికి మూడే ఉండొచ్చు. ఆ ఒక్క అంకెను చూసి ఏమీ అనుకోకండి.

అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది, దూరంగా ఒకే ఒక్క చోట వెలిగినప్పుడు. గడ్డ రొమ్ములో ఉంది, ఛాతీ మధ్య గ్రంథి ఒకటి వెలిగింది, మిగతా ఒళ్లంతా శుభ్రంగా ఉంది. దాన్ని క్యాన్సరే అని లెక్కేస్తే నాలుగో దశ, ఆపరేషన్ లేదు. టీబీ అయితే రెండో దశో మూడో దశో, నయం చేసే వైద్యం మొత్తం చేయొచ్చు. ఇలాంటి చోట సూదితో ముక్క తీసి పరీక్ష చేయించకుండా నాలుగో దశ అని ఒప్పుకోవద్దు. ఛాతీ గ్రంథుల నుంచి శ్వాసనాళం గుండా అల్ట్రాసౌండ్ సాయంతో ముక్క తీసే పద్ధతి పెద్ద ఆసుపత్రుల్లో ఉంది. "ఈ చోటుకు బయాప్సీ వీలవుతుందా అండీ, వీలు కాకపోతే ఇంకే పరీక్షతో తేలుతుంది" అని అడగండి. ఇంకో వారం ఆలస్యమవుతుందేమోనని భయపడకండి, ఆ వారానికి విలువ ఉంది.

వైద్యం మొదలయ్యాక మళ్లీ తీసే స్కాన్‌లను వీలైనంతవరకు అదే సెంటర్‌లో, అదే యంత్రం మీద తీయించండి, పాత సీడీ వెంట పట్టుకెళ్లండి. తల, మెడ క్యాన్సర్‌కు రేడియేషన్ అయ్యాక సుమారు 12 వారాలు ఆగి తీస్తారు. అంతకంటే ముందు తీస్తే రేడియేషన్ వల్ల వచ్చిన వాపే క్యాన్సర్‌లా వెలుగుతుంది. తొందరపడి మీరే ముందుగా బుక్ చేసుకోకుండా, ఎన్ని వారాలకు తీయాలో డిశ్చార్జి కాగితం మీద రాయించుకోండి.